చిన్న పీఎల్‌సీలోని వెబ్ పేజీని వాడుకోవాలా, ఆపి ఉంచాలా?

గుంటూరు ఎలక్ట్రీషియన్:
నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో నిర్వహణ చూస్తున్నాను. మా అమ్మోనియా కంప్రెసర్లు, ఛాంబర్లు సీమెన్స్ ఎస్7-1200 అనే చిన్న పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంప్యూటర్) మీద నడుస్తున్నాయి. ఉష్ణోగ్రతలు ఎక్కడి నుంచైనా తన ఫోనులో కనబడాలని యజమాని గారు కోరుతున్నారు. పీఎల్‌సీలోనే వెబ్ సర్వర్ (బ్రౌజర్‌లో వివరాలు చూపే ఏర్పాటు) ఉంది కనుక స్కాడా (యంత్రాలను కంప్యూటర్‌లో గమనించే సాఫ్ట్‌వేర్) ఖర్చు అక్కరలేదని, రౌటర్‌లో ఒక పోర్ట్ (ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే దారి) తెరిస్తే సరిపోతుందని ప్యానెల్ అమర్చినవారు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

హైదరాబాద్ ఇంజనీర్:
తెరవకండి. అసలు ఆ వెబ్ సర్వర్‌నే ఆపి ఉంచండి. 2023 నవంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం అలిక్విపా పట్టణ నీటి సంస్థకు చెందిన ఒక బూస్టర్ స్టేషన్‌లో, తెర కూడా కలిసి ఉండే యూనిట్రానిక్స్ చిన్న పీఎల్‌సీని దుండగులు స్వాధీనం చేసుకోగా, సిబ్బంది పంపులను చేతితో నడపవలసి వచ్చింది. ఇలాంటి దాడులు ఇంటర్నెట్‌కు నేరుగా కలిపి ఉన్న పరికరాలపై జరిగాయని, ఆ పరికరాల డిఫాల్ట్ పాస్‌వర్డ్ 1111 అని అక్కడి ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ హెచ్చరించింది.

మిర్యాలగూడ మిల్లు నిర్వాహకుడు:
ఇంజనీర్ గారూ, మీరు చెప్పిన ఉదాహరణ మీ వాదనకు సరిపోదు. ఆ హెచ్చరికలో పేర్కొన్నది 20256 పోర్ట్, అంటే ప్రోగ్రామింగ్‌కు వాడే దారి. వెబ్ పేజీ కాదు. తప్పు పరికరాన్ని ఇంటర్నెట్ మీద పెట్టడంలో ఉంది.

మా మిల్లులో ఒక రాత్రి డ్రయ్యర్ ఆగిపోయింది. పీఎల్‌సీ మీద ఎర్ర దీపం వెలిగి ఆరుతోంది తప్ప కారణం తెలియదు. ప్రోగ్రామ్ ఉన్న ల్యాప్‌టాప్ హైదరాబాద్‌లో ఉంది. మా ఆపరేటర్ ప్యానెల్ గది వైఫైకి ఫోన్ కలిపి, బ్రౌజర్‌లో పీఎల్‌సీ చిరునామా కొట్టి, డయాగ్నస్టిక్ బఫర్ (లోపాలు నమోదయ్యే జాబితా) తెరిచాడు. సెన్సర్ల కొలతలు అందుకునే అనలాగ్ మాడ్యూల్‌లో ఫలానా ఛానెల్ వైరు తెగిందని, ఏ క్షణంలో తెగిందో సమయంతో సహా పై వరుసలోనే ఉంది. సెన్సర్ పంపే 4-20 మిల్లీఆంపియర్ల సిగ్నల్ కనీస కొలత వద్ద కూడా 4 ఉంటుంది కనుక, అది సున్నాకు పడిపోతే వైరు తెగిందని మాడ్యూల్ గుర్తుపట్టగలదు. వెళ్లి చూస్తే కేబుల్ ట్రేలో ఎలుక కొరికిన వైరు కనబడింది. ఆ పేజీ లేకపోతే తెల్లవారేదాకా తడి ధాన్యం ముందు కూర్చునేవాళ్లం.

హైదరాబాద్ ఇంజనీర్:
పోర్ట్ సంగతి మీరు చెప్పిందే నిజం, ఒప్పుకుంటున్నాను. కానీ లోపలి నెట్‌వర్క్ అంటే క్షేమం అనుకోలేము. పీఎల్‌సీ చూపే వెబ్ పేజీలోనే హానికర కోడ్ పెడితే, దాన్ని తెరిచినవారి బ్రౌజర్‌లో అది నడుస్తుందని జార్జియా టెక్ పరిశోధకులు 2024లో వాగో కంపెనీ పీఎల్‌సీపై చేసి చూపించారు. మీ ఆపరేటర్ ఫోన్ ఉదయం ఎక్కడెక్కడ తిరిగిందో మీకు తెలుసా?

మిర్యాలగూడ మిల్లు నిర్వాహకుడు:
తెలియదు. అందుకే ఆ సంఘటన తర్వాత ప్యానెల్ గదికి విడిగా ఒక ట్యాబ్ కొన్నాము. వైఫై పాస్‌వర్డ్ ఇంకెవరికీ ఇవ్వలేదు. ఎస్7-1200లో వెబ్ సర్వర్ మొదట ఆపివేసే ఉంటుంది. మనమే తెరుస్తాము కాబట్టి ఎంతవరకు తెరవాలో కూడా మన చేతిలోనే ఉంది. హెచ్‌టీటీపీఎస్ (గుప్తీకరించిన వెబ్ కనెక్షన్) మాత్రమే అనుమతించి, ఆపరేటర్‌కు చదివే హక్కు ఇచ్చి, విలువలు మార్చే హక్కు ఎవరికీ ఇవ్వకపోతే చాలావరకు సరిపోతుంది.

గుంటూరు మిత్రమా, మీది అమ్మోనియా ప్లాంటు కనుక ఇంకొక మాట. హై ప్రెషర్ స్విచ్, ఎమర్జెన్సీ స్టాప్ పీఎల్‌సీ ప్రోగ్రామ్‌పై ఆధారపడకుండా నేరుగా కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) కాయిల్ సర్క్యూట్‌లో ఉన్నాయో లేవో ముందు చూడండి.

గుంటూరు ఎలక్ట్రీషియన్:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు డ్రాయింగ్ తీసి చూశాను; ఎమర్జెన్సీ స్టాప్ కాయిల్ సర్క్యూట్‌లోనే ఉంది కానీ, ప్రెషర్ స్విచ్ పీఎల్‌సీ ఇన్‌పుట్‌కు మాత్రమే వెళ్తోంది. ముందు దాన్ని సరిచేయిస్తాను. పోర్ట్ తెరవనని యజమాని గారికి చెప్పాను. బయటి నుంచి గుప్తీకరించిన దారిలో మాత్రమే లోపలికి రానిచ్చే వీపీఎన్ రౌటర్‌కు ఖర్చు ఎంతవుతుందో రాసి ఇమ్మన్నారు.