మల్లన్ సైనిక రహదారి: కొద్ది ఏళ్లకే బళ్లకు పనికిరాకుండా ఎందుకు పోయింది?

ప్రశ్న: అమెరికా వాయవ్యంలోని వాలా వాలా కోట నుంచి, మిస్సోరి నది మీద స్టీమర్లు చేరగలిగే చివరి రేవైన బెంటన్ కోట దాకా 624 మైళ్ల బండిదారిని లెఫ్టినెంట్ జాన్ మల్లన్ 1859లో మొదలుపెట్టి, మరుసటి ఏడాది ఆగస్టుకు అవతలి కొస చేర్చాడు. అంత శ్రమపడి వేసిన దారి బళ్లకు త్వరలోనే ఎందుకు అక్కరకు రాకుండా పోయింది? అసలు సైన్యమైనా దాన్ని వాడుకుందా?

మొదటి సమాధానం: వాడుకుంది గాని, చెప్పుకోదగ్గది ఒక్కసారే. 1860లో మేజర్ బ్లేక్ వెంట సుమారు 300 మంది సైనికులు స్టీమర్లలో బెంటన్‌కు వచ్చి, అక్కడి నుంచి ఈ దారిలోనే వాలా వాలాకు వెళ్లారు. మరుసటి ఏడాది అంతర్యుద్ధం మొదలవడంతో సైన్యం దృష్టి అటు మళ్లింది, దారి బాగోగులు చూసే నాథుడు లేకుండా పోయాడు.

రెండవ సమాధానం: మరమ్మతులు లేకపోవడం నిజమే, అయితే అసలు చిక్కు నీటితో వచ్చిందని నా అభిప్రాయం. మల్లన్ మొదట కోర్ డలేన్ సరస్సుకు దక్షిణంగా, సెయింట్ జో నది లోయ గుండా దారి తీశాడు. వసంతంలో మంచు కరిగితే ఆ పల్లమంతా మునిగిపోయేది కాబట్టి 1861లో సరస్సుకు ఉత్తరంగా మళ్లీ అడవి కొట్టవలసి వచ్చింది. ఆ కాలంలో చిత్తడి నేల మీద దారి వేయడమంటే దుంగలను దారికి అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి పేర్చి, సందుల్లో కొమ్మలూ మట్టీ కూరడమే. మట్టి కొట్టుకుపోయాక చక్రం ప్రతి దుంగా ఎక్కి దిగుతుంది, పశువుల కాళ్లు సందుల్లో ఇరుక్కుంటాయి, వరద వస్తే దుంగలే తేలిపోతాయి. ఇక బిట్టర్‌రూట్ కొండల్లోని ఇరుకు లోయల్లో దారి ఒకే నదిని పదేపదే దాటుతుంది. అక్కడి కొయ్య వంతెనలు వరదలకు నిలవలేదు.

మూడవ సమాధానం: బళ్లు ఆగినా దారి ఆగలేదు. మోంటానాలో బంగారం దొరికాక వాలా వాలా నుంచి చాలా సరుకు కంచరగాడిదల మీద ఈ దారినే వెళ్లింది. అంతర్రాష్ట్ర రహదారి 90 నేటికీ చాలాచోట్ల దాని జాడలోనే సాగుతుంది. ఒక్క మాట మాత్రం చేర్చాలి. ఈ పని 1858లోనే మొదలు కావలసింది, తమ నేల మీదుగా దారి వేయడాన్ని కోర్ డలేన్ తదితర స్థానిక జాతులు ప్రతిఘటించడంతో ఏడాది ఆగింది. ఆ సెప్టెంబరులో కర్నల్ రైట్ వారిని ఓడించి, తెల్లవారి రాకపోకలను అడ్డుకోబోమని ఒప్పందం రాయించుకున్న తరువాతే మల్లన్ గొడ్డళ్లు అడవిలోకి దిగాయి.