జూన్ 28 పుస్తక సభ: పనులు, మాటలు

కార్యక్రమం బాధ్యత, ప్లేనో: డాలస్ చుట్టుపక్కల ఉన్న మన గ్రూపులో అందరికీ నమస్కారం. ముళ్లపూడి వెంకటరమణ గారి పుట్టినరోజు జూన్ 28. ఈసారి శనివారమే పడింది కాబట్టి ఆయన ఆత్మకథ ‘కోతికొమ్మచ్చి’ మీద పాఠకుల సభ ఆ రోజే పెట్టేసుకుందాం. లైబ్రరీలో మీటింగ్ రూమ్ దొరికింది, మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు. 4:45కల్లా కుర్చీలు ఎక్కడివక్కడ సర్దేసి బయటపడాలి. ముందే ఒక మాట. కిందటిసారి ఇంకో పుస్తకం సభలో ముఖ్య అతిథి 40 నిమిషాలు మాట్లాడారు, అందులో పుస్తకం గురించి గట్టిగా 5 నిమిషాలు. ఈసారి అతిథి లేరు, శాలువా లేదు, జ్యోతి ప్రజ్వలన అసలే లేదు (ఫైర్ అలారం సంగతి మర్చిపోలేదుగా). చదివినవాళ్లే మాట్లాడతారు, మనిషికి 5 నిమిషాలు. నచ్చనిది కూడా చెప్పొచ్చు.

మైకు, కుర్చీలు, ఇర్వింగ్: మైకు నేను తెస్తా అక్కా. శాలువా లేదంటే బాబాయ్ వస్తారో రారో. నాకో డౌటు, మనలో పుస్తకం పూర్తిగా చదివినవాళ్లు ఎంతమంది? నేనైతే సగంలో ఉన్నా.

తెలుగు బడి టీచరు, ఫ్రిస్కో: ఏ సగం? కోతికొమ్మచ్చి, ఇంకోతికొమ్మచ్చి, ముక్కోతికొమ్మచ్చి, మొత్తం మూడు భాగాలు. మూడూ పెట్టుకుంటే దసరాకి కూడా తెమలం. మొదటిదాంతో సరిపెట్టుకుందాం.

కార్యక్రమం బాధ్యత, ప్లేనో: సరే, మొదటి భాగమే. మనందరి దగ్గరా కలిపి కాపీలు మూడే ఉన్నాయి. నాలుగోది నాదే, ఎవరికో ఇచ్చాను, ఎవరికిచ్చానో గుర్తులేదు. లోపలి పేజీ మీద మా నాన్న సంతకం, అట్ట మీద కాఫీ గ్లాసు మచ్చ ఉంటాయి. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, ఏమీ అనను.

బ్యానర్, రిచర్డ్‌సన్: నా దగ్గర లేదక్కా. పీడీఎఫ్ మాత్రం ఎవరో పంపారు, ఇక్కడ పెట్టేస్తున్నా.

కార్యక్రమం బాధ్యత, ప్లేనో: పెట్టొద్దు తమ్ముడూ. రచయిత పుట్టినరోజున ఆయన పుస్తకాన్నే దొంగ కాపీ చదివితే ఏం బావుంటుంది! ఇండియా నుంచి వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే నాలుగు కాపీలు తెప్పిద్దాం. బ్యానర్ మీద కూడా పుస్తకంలోని బాపు గారి బొమ్మలు స్కాన్ చేసి వేయొద్దు. బాపు గారి చేతిరాతలా ఉండే ఫాంటు ఉందిగా, పేరు దాంతో రాస్తే చాలు. దూరం నుంచి చూసినవాడికి కూడా ఇది ఎవరి సభో తెలిసిపోతుంది.

బాబాయ్, అలెన్: శాలువా లేకపోయినా వస్తాను. నా అభిప్రాయం ఇప్పుడే చెప్పేస్తే అక్కడ 5 నిమిషాలు మిగులుతాయి. నేను దీన్ని స్వాతి వారపత్రికలో వచ్చినప్పుడే చదివాను. వారానికో ముక్క, మిగతా వారమంతా ఎదురుచూపు. అప్పుడు ఉన్న రుచి పుస్తకంగా ఏకబిగిన చదివితే లేదు. బూరెలు ఒకటీ రెండూ అయితే బావుంటాయి, పళ్లెం నిండా పెడితే మొహం మొత్తుతుంది. ప్రతి వాక్యంలోనూ ఒక చమత్కారం ఉండాల్సిందేనా అనిపించింది. ఆయనంటే నాకు ప్రాణం, అది వేరే సంగతి.

వంటలు, అలెన్: నాకు మాత్రం ఆ చమత్కారాల కిందే అసలు కథ కనిపించింది బాబాయ్ గారూ. చిన్నప్పుడే తండ్రి పోవడం, తల్లి వెంట మద్రాసు చేరడం, అక్కడి లేమి. ఇంకొకరైతే అదంతా ఏడుస్తూ రాసేవారు. ఈయన గొంతు పూడుకునే చోటికి రాగానే ఒక జోకేసి పక్క కొమ్మ మీదికి దూకేస్తారు. మొదటిసారి నవ్వుతూ పేజీ తిప్పేశాను. రెండోసారి చదివినప్పుడు అదే చోట పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. నా 5 నిమిషాలూ వాళ్ల అమ్మ గురించే మాట్లాడతా.

మైకు, కుర్చీలు, ఇర్వింగ్: వదినా, ఆ దూకడమే నాకు నచ్చలేదు. మనం లోపలికి పోయే లోపే ఆయన తప్పించుకుంటాడు. బాధ వచ్చినప్పుడు కాసేపు నిలబడొచ్చు కదా? ఇంకోటి, నేను నల్గొండోణ్ణి, పుట్టింది 92లో. ఆ పాత మద్రాసు సినిమా ఆఫీసులు, నిర్మాతలు ఎవరో నాకు తెల్వదు. పేరు రాంగనే ఫోన్ తీసి వెతుక్కోవాల్సొస్తుంది.

వంటలు, అలెన్: టైటిల్లోనే చెప్పారు కదా అన్నా, దూకుతానని. కానీ నువ్వన్నది సభలో కూడా అను, నేను జవాబు రెడీ చేసుకుంటా.

తెలుగు బడి టీచరు, ఫ్రిస్కో: సినిమా పేర్ల సంగతి నిజమే. ఆయన రాసిన ‘సాక్షి’ సినిమా 1967లో వచ్చింది, మా క్లాసు పిల్లల అమ్మానాన్నలే అప్పటికి పుట్టలేదు. పిల్లలకి ఆయన ‘బుడుగు’ చదివితే పడీ పడీ నవ్వుతారు, ఇది మాత్రం అందదు. శ్లేషలు విప్పి చెప్పబోతే జోకు చచ్చిపోతుంది. అందుకని వాళ్లతో చదివించడం మానేసి అసలు కోతికొమ్మచ్చి ఆటే ఆడిద్దామనుకుంటున్నా. కింద గిరి గీసి, ఒకరు కాలి కింద నుంచి కర్ర విసరాలి. దొంగ వెళ్లి అది తెచ్చి గిరిలో పెట్టేలోపు మిగతావాళ్లు చెట్టెక్కేయాలి.

మైకు, కుర్చీలు, ఇర్వింగ్: లైబ్రరీ పార్కింగ్‌లో చెట్లెక్కిస్తే రూమ్ మళ్లీ జన్మలో ఇవ్వరు టీచర్. కుర్చీలు ఎక్కించండి, కుర్చీకొమ్మచ్చి.

చిత్తూరు వదిన, లూయిస్‌విల్: అందరూ గోదారి పుస్తకాలే పెడతారు, ఓట్లు కూడా వాళ్లవే. నామిని ‘మిట్టూరోడి కతలు’ ఎప్పుడు పెడతారంట? నెల్లూరు వైపు వాళ్లుంటే ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ అయినా అడగండి. చిన్నతనాన్ని నవ్వుతా చెప్పడం రమణ గారి మాదిరి ధవళేశ్వరంలో పుట్టినోళ్లకే వచ్చా?

కార్యక్రమం బాధ్యత, ప్లేనో: నిజమే వదినా, మా తప్పే. దసరా తర్వాత సభకి ఆ రెండూ. ఏది ముందో మీరే తేల్చండి, చదివి వినిపించే బాధ్యత కూడా మీదే. మా నోళ్లలో ఆ యాస ఖూనీ అవుతుంది. ఇక తిండి సంగతి. వేడి వస్తువులు రూమ్‌లోకి రానివ్వరు. జంతికలు, అరటిపళ్లు, ఫ్లాస్కుల్లో టీ. పూతరేకులు ఎవరో తెస్తామన్నారు కానీ అవి కార్పెట్ మీద రాలితే వాక్యూమ్ చేసేది ఎవరో కూడా రాయండి.

వంటలు, అలెన్: పూతరేకులు మా అమ్మ తెస్తున్నారు, వాక్యూమ్ నేను చేస్తా.

బాబాయ్, అలెన్: అమ్మాయ్, ఒక విషయం. 5 నిమిషాలకి తయారవుదామని ఇందాక నా పుస్తకం తీశాను. అట్ట మీద కాఫీ మచ్చ ఉంది. నాదేననుకుంటూ వస్తున్నాను ఇన్నాళ్లూ. లోపల ఎవరిదో సంతకం కూడా ఉంది. శనివారం తెస్తాను. మచ్చలు ఇప్పుడు రెండు.