డెల్ఫీ ఒక్క రోజులో: మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎంతవరకు ఎక్కొచ్చు?

కృష్ణాతీరం:
సెప్టెంబరు మూడో వారంలో ఏథెన్స్‌లో ఉంటాం. ఒక రోజు డెల్ఫీకి, అంటే ప్రాచీన గ్రీకుల అపోలో దేవుడి జోస్య క్షేత్రానికి, కేటాయించాం. అమ్మానాన్న కూడా వస్తున్నారు, ఇద్దరికీ అరవై దాటింది, అమ్మకు మోకాళ్ల నొప్పులు. బస్సు మేలా, కారు మేలా? ముందు మ్యూజియం చూడాలా, శిథిలాలు చూడాలా? పూజారిణి పీఠం మీద కూర్చుని జోస్యం చెప్పిన, మత్తెక్కించే ఆవిరి లేచేదంటారే, ఆ నేల బీట ఎక్కడుంది, దగ్గరికి పోనిస్తారా? శాకాహారం సంగతి కూడా చెప్పండి.

రాతిబాట:
ఏథెన్స్ నుంచి డెల్ఫీ దాదాపు 180 కి.మీ. బస్సులో మూడు గంటలు పట్టేస్తుంది. బస్సు లియోసియోన్ బస్టాండులో ఎక్కాలి. అది మెట్రో స్టేషన్‌ను ఆనుకుని ఉండదు కాబట్టి పెద్దవాళ్లతో అయితే టాక్సీలో పోవడమే నయం. మొదటి బస్సు పట్టుకోండి, తిరుగు టికెట్ కూడా ముందే తీసుకోండి. శని, ఆదివారాల్లో సాయంత్రం బస్సులు నిండిపోతాయి. నలుగురైతే కారు గిట్టుబాటు అవుతుంది కానీ ఇండియా లైసెన్సుతో పాటు ఐడీపీ (అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్) ఉండాలి. డెల్ఫీకి పది కిలోమీటర్ల ముందు అరాహోవా అనే కొండ ఊరు వస్తుంది. దాని మెయిన్ రోడ్డు ఇరుకు, ఎదురుగా టూరిస్టు బస్సు వస్తే ఆగాల్సిందే.

ఇక ఎక్కడం. అపోలో ఆలయ ప్రాంగణమంతా పర్నాసస్ కొండవాలు మీద ఉంది. గేటు అడుగున, ఆటల మైదానం కొసన. మధ్యలో చదును నేల తక్కువ. దారి మలుపులు తిరుగుతూ ఏథెన్స్‌వాళ్ల ఖజానా గది దగ్గరికి, అక్కడి నుంచి ఆలయం ముందుకి వెళ్తుంది. నెమ్మదిగా ఆగుతూ వస్తే మీ అమ్మగారు ఇంతవరకు రాగలరు. పైనున్న థియేటర్ దాకా వస్తే లోయంతా కనిపిస్తుంది. రాకపోయినా ముఖ్యమైనదేదీ తప్పిపోదు. మైదానానికి ఇంకో పావుగంట ఎక్కుడు, దాన్ని వదిలేయండి. 178 మీటర్ల పరుగుబాట, పక్కన రాతి మెట్ల వరసలు, చూడదగ్గదే. కానీ పైనుంచి రాళ్లు దొర్లే ప్రమాదం ఉందని అప్పుడప్పుడు దాన్ని మూసేస్తారు కూడా.

అసలు కష్టం దిగేటప్పుడు. వేల కాళ్లు తొక్కి తొక్కి బాట మీది రాళ్లు నున్నబడ్డాయి, చినుకు పడితే జారుడు బల్లే. చెప్పులు వద్దు, అడుగున పట్టున్న బూట్లు వేసుకోండి. చేతికర్ర ఉంటే కొసకి రబ్బరు బిరడా తప్పనిసరి. నీడ దాదాపు లేదు, టోపీ, నీళ్లు దగ్గర పెట్టుకోండి.

ఒక్క చోట మాత్రం తొందరపడకండి. ఆలయం కింద వంకర అంచుల బండల్ని సందు లేకుండా పేర్చిన పొడవాటి గోడ ఉంది. చాలామంది ఆ అతుకుల్ని మెచ్చుకుని వెళ్లిపోతారు. దగ్గరికి వెళ్లి చూస్తే బండల నిండా చిన్న చిన్న అక్షరాలు. బానిసల్ని విడిపించిన పత్రాలవి, వందల కొద్దీ ఉన్నాయి. బానిసను దేవుడికి అమ్మినట్టు రాసుకుని స్వేచ్ఛ ఇచ్చేవాళ్లు. గోడ దక్షిణం వైపు చూస్తుంది కాబట్టి ఉదయం ఏటవాలు ఎండలో గీతలు తేలతాయి. మిట్టమధ్యాహ్నం ఎండ ఎదురుగా పడి ఏమీ ఆనదు.

కంచువిగ్రహం:
పై జవాబులో అంతా సరే కానీ ఏది ముందు చూడాలో చెప్పలేదు. ముందు మ్యూజియం, తర్వాతే కొండ. నాక్సోస్ స్ఫింక్స్‌ను (నాక్సోస్ దీవివాళ్లు ఇచ్చిన, స్త్రీ ముఖం, సింహం ఒళ్లు, రెక్కలున్న విగ్రహం) లోపల చూశాక, అది స్తంభంతో కలిపి పన్నెండు మీటర్లకు పైగా ఎత్తున నిలబడిన చోటు ఆ అక్షరాల గోడ ముందే అని తెలిస్తే అక్కడి ఖాళీకి అర్థం వస్తుంది. లేకపోతే రాళ్ల కుప్పలే.

చివరి గదిలోని రథసారథి దగ్గర కాసేపు ఆగండి. 1.80 మీటర్ల కంచు విగ్రహం, క్రీ.పూ. 470ల నాటిది. క్రీ.పూ. 373 భూకంపంలో మట్టి కింద పడిపోబట్టే కరిగించేవాళ్ల చేతికి చిక్కలేదు. కనురెప్పల వెంట్రుకలు చూడండి, విడిగా చేసి పెట్టినవి. పాదాల మీద నరాలు కూడా తేలి ఉంటాయి, రథంలో నిలబెట్టినప్పుడు అవి ఎవరికీ కనపడవని తెలిసి కూడా. ఫ్లాష్ వాడొద్దు. విగ్రహాల ముందు భంగిమలు పెట్టి ఫొటోలు దిగితే కాపలావాళ్లు వెంటనే అడ్డుకుంటారు.

రాతిబాట:
సెప్టెంబరులో పదకొండు దాటితే ఎండ గట్టిగానే ఉంటుంది. మ్యూజియం ముందు పెట్టుకుంటే ఆ పెద్దావిడ సరిగ్గా ఎండలో కొండెక్కాలి. ముందు రోజు రాత్రే వచ్చి ఊళ్లో దిగేవాళ్లకైతే మీ క్రమం బాగుంటుంది. బస్సులో వచ్చేవాళ్లు దిగగానే కొండ, తర్వాత మ్యూజియం. టికెట్ రెంటికీ ఒకటే.

భూగర్భం:
బీట గురించి: చూడ్డానికి బీట లేదు. 1892లో ఫ్రెంచివాళ్లు మొదలుపెట్టిన తవ్వకాల్లో ఆలయం కింద అలాంటిదేమీ బయటపడలేదు. తర్వాత భూగర్భ శాస్త్రవేత్తలు, రెండు భ్రంశాలు (భూమి పొరల్లోని పగుళ్లు) ఆలయం దాపున కలుస్తున్నాయని, ఊటల్లో మీథేన్, ఈథేన్, ఇథిలీన్ జాడలు ఉన్నాయని చెప్పారు. పూజారిణికి మత్తెక్కించేంత ఇథిలీన్ వాయువు వచ్చి ఉండదని వాదించేవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు కనిపించేది పునాది, తిరిగి నిలబెట్టిన ఆరు స్తంభాలు, తూర్పున ఏటవాలు బాట. పునాది మీదికి ఎక్కనివ్వరు. పూజారిణి కూర్చున్న గది పడమటి కొసన ఉండేదంటారు, ఆ నేల రూపం థియేటర్ దగ్గర్నుంచే తెలుస్తుంది.

ఆలయం ముందున్న సర్ప స్తంభం (మెలివేసుకున్న పాముల ఆకారపు కంచు స్తంభం) నకలు మాత్రమే. అసలుది ఇస్తాంబుల్‌లో పాత గుర్రప్పందేల మైదానంలో ఉంది. హైదరాబాద్ నుంచి ఇస్తాంబుల్ మీదుగా వచ్చేవాళ్లు అక్కడ ఆగితే అది కూడా చూసుకోవచ్చు.

కృష్ణాతీరం:
చాలా థాంక్సండీ. గుండ్రటి గుడి, ఫొటోల్లో మూడు స్తంభాలతో కనిపించేది, ఈ కొండ మీదేనా?

కంచువిగ్రహం:
కాదండీ. అది ఎథీనా ఆలయ ప్రాంగణంలోది. రోడ్డుకి దిగువన, కాస్టాలియా ఊట దాటి తూర్పుకి వెళ్లాలి. అమ్మగారు దిగలేకపోతే రోడ్డు మీది నుంచే చక్కగా కనిపిస్తుంది, ఫొటోకి కూడా ఆ ఎత్తే మేలు.

తిండికి ఊళ్లోకి రావాలి. టమాటా రసంలో వండిన పెద్ద చిక్కుడు గింజలు 'గిగాంటెస్', పాలకూర పేస్ట్రీ 'స్పనకోపిటా' అడగండి. అన్నం కూరిన టమాటాలు 'గెమిస్టా' కూడా ఉంటాయి కానీ కొన్నిచోట్ల కీమా కలుపుతారు. గుడ్డు కూడా తినకపోతే స్పనకోపిటా విషయంలో ముందే కనుక్కోండి, లోపలి కూరలో సాధారణంగా గుడ్డు కలుపుతారు.