కంట్రోల్ గినీ పందులకు కూడా ఎర్రబడింది, దీన్ని అలర్జీ అని రాయొచ్చా?

కొత్త_టాక్స్:
అందరికీ నమస్కారం. మా ల్యాబ్‌లో ఒక కెమికల్‌కి చర్మ అలర్జీ టెస్ట్ నడుస్తోంది. గినీ పిగ్ మాగ్జిమైజేషన్ పద్ధతి, ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన 406 నంబరు గైడ్‌లైన్ ప్రకారం, టెస్ట్ గ్రూప్‌లో 10, కంట్రోల్‌లో 5. ముందు ఇంజెక్షన్లు, వారం తర్వాత 48 గంటల ప్యాచ్ (ఈ రెండూ ఇండక్షన్, అంటే పదార్థాన్ని ఒంటికి పరిచయం చేసే దశ), మూడు వారాలకి ఛాలెంజ్ (అలర్జీ వచ్చిందో లేదో చూడ్డానికి మళ్లీ ప్యాచ్ వేయడం), అన్నీ షెడ్యూల్ తప్పకుండానే జరిగాయి. ఛాలెంజ్ ప్యాచ్ తీసిన 24 గంటలకి చూస్తే టెస్ట్ గ్రూప్‌లో నాలుగింటికి స్కోరు 1, అంటే అక్కడక్కడా ఎరుపు. అది 40 శాతం, అడ్జువెంట్ (రోగనిరోధక స్పందనను పెంచే మందు) వాడే టెస్ట్‌లో 30 శాతం వస్తే పాజిటివ్. కానీ కంట్రోల్‌లో కూడా రెండింటికి అదే స్కోరు ఉంది! 30 దాటింది కాబట్టి సెన్సిటైజర్ (అలర్జీ కలిగించేది) అని రాసేయమంటున్నారు మా సీనియర్. నాకు మాత్రం మనసొప్పడం లేదు. పదార్థం సర్ఫాక్టెంట్ (సబ్బులాంటిది) తరహాది. ఏం చేయమంటారు?

పాతకాపు:
ఇప్పుడే రాయకండి. కంట్రోల్ జంతువులకి ఇండక్షన్‌లో అడ్జువెంట్, వెహికల్ (పదార్థాన్ని కలిపే ద్రవం) మాత్రమే ఇచ్చారు, మీ పదార్థం వాటి ఒంటికి తగలడం ఛాలెంజ్ రోజే మొదలు. అలర్జీ తొలిసారి తగలగానే రాదు. ఆ చిన్న అణువు చర్మంలోని ప్రోటీన్‌కి అతుక్కోవాలి, డెండ్రిటిక్ కణాలనే రోగనిరోధక కణాలు దాన్ని లింఫ్ నోడ్ దాకా మోసుకెళ్లాలి, అక్కడ దాన్ని గుర్తుపట్టే టీ కణాలు పెరగాలి, ఇదంతా జరగడానికి రోజులు పడుతుంది. మొదటిసారికే, అదీ ఒకటి రెండు రోజుల్లోనే ఎర్రబడిందంటే అది చాలావరకు ఇరిటేషనే, అంటే అలర్జీ కాదు, పదార్థం నేరుగా చర్మాన్ని రేపడం. ఐదింట్లో రెండు కూడా 40 శాతమే కదా, రెండు గ్రూపులూ ఒకేలా ఉన్నప్పుడు ఆ 30 శాతం గీత పట్టుకుని వేలాడి లాభం లేదు.

నా అనుమానం మీ ఛాలెంజ్ డోస్ మీద. ఇరిటేషన్ కలిగించని గరిష్ఠ గాఢత వాడాలి. దాన్ని తేల్చడానికి ముందుగా చేసిన చిన్న ప్రయోగంలో (పైలట్‌లో) మామూలు గినీ పందుల్ని వాడారా, అడ్జువెంట్ ఇచ్చిన వాటినా? అడ్జువెంట్ పడ్డాక చర్మం తేలిగ్గా రేగుతుంది, మామూలు జంతువు తట్టుకున్న డోస్‌కే ఎర్రబడవచ్చు. అందుకే పైలట్‌కి అడ్జువెంట్ ఇచ్చిన జంతువుల్ని వాడే సంగతి ఆలోచించమని గైడ్‌లైన్‌లోనే ఉంది, చాలామంది ఆ వాక్యం దాటేస్తారు.

ల్యాబ్_వెట్:
పైన చెప్పినదంతా కరెక్టే. చూసే పద్ధతి గురించి కూడా ఒక మాట. ప్యాచ్ తీసిన సుమారు 21 గంటలకి ఆ చోటు శుభ్రం చేసి వెంట్రుకలు కత్తిరించి, ఇంకో 3 గంటలు ఆగాక స్కోరు వేయాలి. ఆ 3 గంటలు ఆగకపోతే క్లిప్పర్ వల్ల వచ్చిన ఎరుపుకే మార్కులు వేస్తాం. ఎరుపు ఎక్కడుందో కూడా చూడండి: టేప్ అంచు వెంబడి సన్నటి గీతలా ఉంటే అది టేప్ పనే, పదార్థం తగిలిన చోట పరుచుకుని ఉంటేనే లెక్కలోకి తీసుకోండి. స్కోరు వేసేవాళ్లకి ఏది కంట్రోలో తెలియకుండా ఉంటే ఇంకా మంచిది. 48 గంటల రీడింగ్ ఏం వచ్చింది?

కొత్త_టాక్స్:
థ్యాంక్స్ అండీ. పైలట్ మామూలు వాటి మీదే చేశారు, ఇప్పుడే రికార్డు చూశాను. 48 గంటలకి కంట్రోల్‌లో రెండూ సున్నాకి వచ్చాయి. టెస్ట్ గ్రూప్‌లో మూడు తగ్గాయి, ఒకదానికి మాత్రం ఇంకా 1 ఉంది.

ఇన్‌విట్రో:
అసలు దీనికి గినీ పందులు ఎందుకని నా బాధ. పెప్టైడ్‌తో (చిన్న ప్రోటీన్ ముక్కతో) చేసే డీపీఆర్ఏ, కణాల మీద చేసే కెరటినోసెన్స్, హెచ్-క్లాట్ ఉన్నాయి, మూడింట్లో రెండు ఏది చెబితే అది తీసుకునే పద్ధతిని ఓఈసీడీ 2021లోనే 497 నంబరుతో గైడ్‌లైన్‌గా ఇచ్చింది. జంతువులే కావాలంటే చిట్టెలుకల లింఫ్ నోడ్ టెస్ట్ ఉంది, కానీ సర్ఫాక్టెంట్ అంటున్నారు కాబట్టి జాగ్రత్త, సోడియం లారిల్ సల్ఫేట్ లాంటివి అందులో తప్పుడు పాజిటివ్ ఇస్తాయి.

పాతకాపు:
కొత్తగా మొదలుపెట్టే స్టడీకైతే నేనూ ముందు అవే చేయమంటాను. గాలి తగిలి ఆక్సిడైజ్ అయ్యాకే అలర్జీ కలిగించే లిమొనీన్, లినలూల్ లాంటి వాటితో మాత్రం కాస్త చూసుకోవాలి. కానీ ఇక్కడ జంతువులకి ఇండక్షన్ అయిపోయింది, ఫలితం తేల్చకుండా వదిలేస్తే వాటిని ఊరికే బాధపెట్టినట్టే.

కొత్త_టాక్స్ గారూ, ఒక్కరోజులో తగ్గిపోయిన ఎరుపు ఇరిటేషన్ వైపే మొగ్గుతుంది, రుజువు అని మాత్రం అనను. తగ్గని ఆ ఒక్కదాని కోసమైనా మళ్లీ ఛాలెంజ్ చేయాలి. మొదటి ఛాలెంజ్ అయిన సుమారు వారానికి, ఇంతకుముందు ప్యాచ్ పడని చోట, తక్కువ గాఢతతో చేయండి. కొత్త కంట్రోల్ గ్రూప్ ఉంటే మంచిది, లేకపోతే పాతదే వాడొచ్చు, కాకపోతే వాటికి ఒకసారి పదార్థం తగిలిందని రిపోర్టులో స్పష్టంగా రాయండి. కంట్రోల్‌లో అన్నీ సున్నా ఉండి టెస్ట్ గ్రూప్‌లో మూడు ఎర్రబడితే మీ సీనియర్ మాటే నిజం. అప్పటికీ తేలకపోతే టెస్ట్ గ్రూప్‌లో మొత్తం 20, కంట్రోల్‌లో 10 అయ్యేలా జంతువుల్ని పెంచమంటుంది గైడ్‌లైన్. ఇవాళ్టి స్కోర్లు మాత్రం చెరిపేయకండి, రెండు ఛాలెంజ్‌ల ఫలితాలూ రిపోర్టులోకి వెళ్లాలి.