ఇంటి పన్ను నోటీసు 1,540 నుంచి 2,240కి ఎగబాకింది: ఏ వరుస ఎందుకు పెరిగింది, చెరువు నీళ్ల సంగతి ఎవరిని అడగాలి?

కాలువగట్టు:
పాలకొల్లు వైపు గ్రామ పంచాయతీ అండి, మున్సిపాలిటీ కాదు. నిరుటి రసీదు, ఈ ఏటి డిమాండు నోటీసు పక్కపక్కన పెట్టి రాస్తున్నాను.

ఇంటి పన్ను: నిరుడు 1,000, ఇప్పుడు 1,380
గ్రంథాలయ సెస్సు: 80, ఇప్పుడు 110
నీటి పన్ను: 360, ఇప్పుడు 600
లైటింగ్ పన్ను: 100, ఇప్పుడు 150
మొత్తం: 1,540, ఇప్పుడు 2,240

దీని కింద పాత బకాయి అని ఇంకో 1,540 వేశారు. నిరుటిది కట్టేసినట్టు రసీదు ఉంది. ఇంటికి కొత్తగా ఒక్క గది వెయ్యలేదు. ఏటా 5 శాతం పెంచుతారని తెలుసు కానీ ఇంటి పన్ను ఒక్కటే 38 శాతం పెరిగింది. మరోపక్క కాలువలకి నీళ్లు కట్టేసిన (ఆపేసిన) నెలన్నరకే మంచినీటి చెరువు అడుగంటిపోతోంది, కుళాయిలో నీళ్లు పచ్చగా, నీచువాసనతో వస్తున్నాయి. పన్ను ఎలా లెక్కకట్టారో తెలుసుకోడానికి ఏ కాగితం అడగాలి? బకాయి ఎలా కొట్టేయించాలి? కట్టిన డబ్బు నీళ్లకి వెళ్తోందో లేదో ఎక్కడ చూడాలి?

తాటితోపు:
ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని చట్టంలోనే ఉందండి. 38 శాతం చెల్లదు, ఆ మాటే రాసి ఇవ్వండి.

లెక్కలపద్దు:
తాటితోపు గారూ, ఆ 15 శాతం పరిమితి మున్సిపాలిటీలది. 2021 ఏప్రిల్ నుంచి పట్టణాల్లో అద్దె విలువ పద్ధతి తీసేసి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. పాత పన్ను మీద ఏటా 15 శాతం దాటకూడదన్నది, 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలన్నది అక్కడి నిబంధనలే. భీమవరం, పాలకొల్లు, అమలాపురం వాళ్లకి వర్తిస్తాయి. ఊరి పంచాయతీకి వర్తించవు. అర్జీలో ఈ మాట రాస్తే కార్యదర్శి ఆ ఒక్క ముక్క పట్టుకుని అర్జీ మొత్తం పక్కన పెట్టేస్తారు.

పంచాయతీ ఇంటి పన్నుకి ఆధారం 1994 పంచాయతీరాజ్ చట్టం, 60, 61 సెక్షన్లు. అద్దె విలువ మీద వెయ్యొచ్చు, మూలధన విలువ మీదా వెయ్యొచ్చు. ప్రభుత్వం పెట్టిన కనిష్ఠ, గరిష్ఠ రేట్ల మధ్య ఎంత వెయ్యాలన్నది పంచాయతీ తీర్మానం చెయ్యాలి. అంటే మీ నోటీసు వెనక రెండు కాగితాలు ఉండి తీరాలి: రేటు తీర్మానం, మీ ఇంటి అసెస్‌మెంట్ (మీ ఇంటికి పన్ను లెక్కకట్టిన కాగితం).

ఇక మీ వరుసలు. గ్రంథాలయ సెస్సు ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. 1,380కి 110 రూపాయల 40 పైసలు, 110 వేశారు. అది సరిగ్గానే ఉంది. పైది తగ్గితే ఇదీ దానంతటదే తగ్గుతుంది. ఈ సొమ్ము పంచాయతీ వాడుకోడానికి లేదు, జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. నీటి పన్ను నెలకి 30 నుంచి 50 చేశారు, కొళాయి ఉన్న ఇళ్లన్నిటికీ ఒకటే అయితే దానికి తీర్మానం ఉండాలి. లైటింగ్ కూడా అంతే. ఈ రెండూ ఊరందరి సంగతి, గ్రామసభలో అడగాల్సినవి.

ఇంటి పన్ను మాత్రం మీ ఒక్కరిదే. వెయ్యికి 5 శాతం కలిపితే 1,050 కావాలి. 1,380 అయిందంటే మూడు కారణాలు ఉండొచ్చు: ఇంటి తరగతి మార్చారు (పెంకుటిల్లుని డాబాగా), వాడకం మార్చారు (నివాసాన్ని వ్యాపారంగా), లేకపోతే కొలత మార్చారు. నోటీసు మీద గానీ సచివాలయంలో చూపించే అసెస్‌మెంట్ పేజీలో గానీ ప్లింత్ ఏరియా (కట్టడం ఆక్రమించిన నేల కొలత) ఎంతుందో, మీ ప్లానులో ఎంతుందో రాయండి.

కాలువగట్టు:
పంచాయతీ పేజీలో 1,510 చదరపు అడుగులు. ప్లానులో 1,150. డాబా, నివాసం అనే ఉంది, అవి మారలేదు.

లెక్కలపద్దు:
దొరికిందండి. 1,050ని 1,150తో భాగించి 1,510తో గుణించండి, 1,379 వస్తుంది. స్థలం విలువ విడిగా కలిపే ఊళ్లో ఇంత కచ్చితంగా కుదరదు గానీ, మీ పెంపు కొలతలోంచి వచ్చిందనడానికి ఇది చాలు. 1,150ని కంప్యూటర్లో 1,510గా కొట్టడం మామూలుగా జరిగే తప్పే. కానీ ముందు ఒకటి చూడండి. తేడా 360 అడుగులు. దొడ్లో 18 బై 20 పాక ఏదైనా ఉందా?

కాలువగట్టు:
ఉందండి. పశువుల పాక, తాటాకు కప్పు. టేపు పెట్టి కొలవలేదు గానీ సరిగ్గా అంతే ఉంటుంది.

లెక్కలపద్దు:
అయితే పాకని డాబాలో కలిపేసి మొత్తానికి స్లాబు రేటు వేశారు. కొలతలకి వచ్చినవాళ్లు బయటి గోడ నుంచి బయటి గోడకి టేపు లాగి, దొడ్లో ఉన్నవన్నీ ఒకే అంకెగా రాసుకుపోతే ఇలాగే అవుతుంది. అసెస్‌మెంట్‌లో కట్టడాన్ని బట్టి విడివిడి వరుసలు ఉండాలి. తాటాకు పాకకి స్లాబు విలువ కట్టడం తప్పు.

అర్జీ ఒక్క పేజీ దాటనివ్వకండి. అసెస్‌మెంట్ నంబరు, పాత కొలత, కొత్త కొలత, పాక పొడవు వెడల్పులు, "సంయుక్తంగా కొలిచి సరిచేయవలెను" అన్న కోరిక. ప్లాను నకలు, పాక ఫొటో (కప్పు కనబడేలా), నిరుటి రసీదు నకలు జతచెయ్యండి. రెండు ప్రతులు పట్టుకెళ్లి ఒకదాని మీద తేదీ, ముద్ర వేయించుకోండి. నోటి మాటగా చెప్పి వచ్చేస్తే ఆ అర్జీ లేనట్టే.

బకాయి సంగతి దీంతో కలపకండి, విడి అర్జీ పెట్టండి. రసీదు ఉన్నా బకాయి పడిందంటే ఆ రసీదు డిమాండు రిజిస్టర్లో మీ పేరు ఎదుట ఎక్కలేదని, లేదా పక్కింటి అసెస్‌మెంట్ నంబరు మీద ఎక్కిందని. రసీదు మీద పుస్తకం నంబరు, రసీదు నంబరు, తేదీ ఉంటాయి. ఆ రోజు క్యాష్ బుక్‌లో ఆ సొమ్ము జమ పడిందా అని చూపించమనండి. పడితే పద్దు మార్చడం పది నిమిషాల పని. పడకపోతే అది వసూలు చేసినవాళ్ల బాధ్యత, మీది కాదు. అసలు రసీదు ఎవరికీ ఇవ్వకండి, నకలు మాత్రమే.

జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు. "పన్ను వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. "ఫలానా అసెస్‌మెంట్ నంబరుకి రెండేళ్ల డిమాండు రిజిస్టరు పేజీలు, నీటి పన్ను పెంపు తీర్మానం నకలు, ఫలానా తేదీ క్యాష్ బుక్ పేజీ" అని రాయండి. అర్జీ ఊళ్లో తేలకపోతే పైన మండల పరిషత్తు, ఆపైన డీఎల్పీవో (డివిజన్ స్థాయి పంచాయతీ అధికారి). కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల వేదిక ఉండనే ఉంది కానీ, కింద ముద్ర వేసిన ప్రతి లేకుండా వెళ్తే అర్జీని మళ్లీ కిందకే పంపిస్తారు.

లంకగాలి:
అర్జీ తేలేదాకా మొత్తం ఆపేస్తారు కొందరు, అలా చెయ్యకండి. ఆపితే డిమాండు నోటీసు, ఆ తర్వాత జప్తు వారంటు దాకా పంచాయతీకి అధికారం ఉంది. వివాదం లేని సొమ్ము (1,050 ఇంటి పన్ను, 84 సెస్సు, నీటి పన్ను, లైటింగ్) కట్టి, మిగతాది అభ్యంతరంలో ఉందని అర్జీలో రాయండి. సాఫ్ట్‌వేర్ పాక్షిక చెల్లింపు తీసుకోకపోతే ఆ ముక్క కూడా రాతలో పెట్టండి.

ఇంకోటి, ఇది మీ ఒక్కరి నోటీసుతో తేలేది కాదు. ఈ పక్క పంచాయతీల్లో రొయ్యల చెరువు గట్ల మీద మేత గోదాములు, జనరేటరు షెడ్లు, కాపలా గదులు, రోడ్డు పక్క ఐసు ప్లాంట్లు వచ్చాయి. ఇవి కట్టడాలు, పన్ను పడాల్సినవి. చాలా ఊళ్లలో రిజిస్టరులోకే ఎక్కలేదు. చెరువుకి రెవెన్యూ వాళ్లకి నీటితీరువా కడుతున్నాం కదా అంటారు. అది వేరే లెక్క: ఎకరాకి ఏడాదికి 500 చేపల, రొయ్యల చెరువులకి, కాలువ కింద తొలి పంట వరికి 200, దాళ్వాకి (రెండో పంటకి) 150. ఆ డబ్బు కట్టినంత మాత్రాన గోదాముకి ఇంటి పన్ను పోదు. ఉన్నవాళ్ల మీద రేటు పెంచే ముందు ఎక్కనివాటిని ఎక్కించమని గ్రామసభలో సర్వే నంబర్లతో సహా రాసివ్వడం న్యాయమని నా గట్టి అభిప్రాయం.

ఫిల్టరుబెడ్డు:
నీళ్ల మాట నేను చెప్తానండి. డబ్బు కంటే ముందు చెరువు లెక్క చూడాలి.

3,000 జనాభా, మనిషికి రోజుకి 55 లీటర్లు అనుకుందాం. రోజుకి 1,65,000 లీటర్లు. కాలువ 60 రోజులు కట్టేస్తే 99 లక్షల లీటర్లు కావాలి. ఎకరం చెరువు, 3 మీటర్ల లోతు అంటే 120 లక్షలు పడుతుందని కాగితం మీద రాసేస్తారు. గట్ల వాలు 1.5కి 1 వేస్తే పట్టేది 105 లక్షలే. అడుగున రెండడుగులు బురద, నాచు; ఫుట్‌వాల్వు (పంపు గొట్టం అడుగు మూతి) అక్కడి నీళ్లు లాగకూడదు, అక్కడ 18 లక్షలు పోయాయి. ఎండకి రోజుకి 5 మిల్లీమీటర్లు ఆవిరైనా 60 రోజుల్లో ఇంకో 12 లక్షలు. మిగిలింది 75 లక్షలు, అంటే 45 రోజులు. మీరు చెప్పిన నెలన్నర సరిగ్గా ఇదే. పంపు ఆపరేటరు ఎంత జాగ్రత్తపడినా ఈ లెక్క మారదు. లోతు పెరగాలి, పూడిక తియ్యాలి, కాలువ కట్టే ఆఖరి వారం దాకా ఆగకుండా ముందే నింపుకోవాలి. ఆఖర్న వచ్చే నీరు శివారు ఊళ్లకి చేరేసరికి అడుగు మట్టీ, మురుగూ కలిసి వస్తుంది.

పచ్చదనం నాచు వల్ల. చెరువు లోతు తగ్గేకొద్దీ ఎండ అడుగుదాకా తగిలి నాచు పెరుగుతుంది, అది ఇసుక ఫిల్టరు పైపొరని మూడు నాలుగు రోజుల్లో మూసేస్తుంది. అప్పుడు చెయ్యాల్సింది బెడ్డు (ఫిల్టరులోని ఇసుక పరుపు) ఆరబెట్టి పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక పలచగా గీకి తీయడం. చాలాచోట్ల పారతో కెలికేస్తారు లేదా బెడ్డుని వదిలేసి, నీళ్లు వడకట్టకుండానే ట్యాంకుకి పోయేలా బైపాస్ వాల్వు తిప్పేస్తారు. కెలికితే పైన ఉన్న జీవపొర (నీళ్లని శుద్ధి చేసే సూక్ష్మజీవుల పొర) చెదిరి మురికి లోపలికి దిగుతుంది. గీకిన బెడ్డు నీళ్లని శుభ్రంగా వడకట్టడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి రెండు బెడ్లూ ఒకేసారి గీకకూడదు. మీ ఊళ్లో బైపాస్ వాల్వు చక్రం ఎటు తిరిగి ఉందో ఒకసారి వెళ్లి చూడండి. దాని మరలకి తుప్పు పట్టి ఉంటే వాడట్లేదని, గ్రీజు మెరుస్తుంటే రోజూ తిప్పుతున్నారని అర్థం.

వాసనకి బ్లీచింగ్ చూడాలి. 60,000 లీటర్ల ట్యాంకుకి లీటరుకి 2 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే 120 గ్రాములు. 30 శాతం బలమున్న కొత్త పొడి 400 గ్రాములు సరిపోతుంది. మూతి విప్పి తేమలో పడేసిన బస్తా బలం 15 శాతానికి పడిపోతే 800 గ్రాములు వెయ్యాలి. కొలత మార్చకుండా అదే డబ్బాతో పోస్తూ ఉంటారు. పక్కన రొయ్యల చెరువు ఊట వస్తుంటే అమ్మోనియా క్లోరిన్‌ని తినేస్తుంది, అప్పుడు 2 మిల్లీగ్రాములు కూడా చాలదు. పొడి కలిపిన అరగంట తర్వాత, ఊరి చివరి కుళాయి దగ్గర పట్టిన నీళ్లలో ఓటీ (క్లోరిన్ పరీక్షకి వాడే ఆర్థోటొలిడిన్) ద్రావణం చుక్కలు వేసి చూడండి. లేత పసుపు రావాలి, 0.2 మిల్లీగ్రాములకి తగ్గకూడదు. ట్యాంకు కింద కుళాయి దగ్గర పరీక్షించి బాగుందని రాసుకోవడం వల్ల ఏం తెలియదు.

ఇప్పుడు డబ్బు. 10 హెచ్‌పీ మోటారు గంటకి దగ్గర దగ్గర 9 యూనిట్లు కాలుస్తుంది. రోజుకి 8 గంటలు, నెలకి 2,160 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు అనుకుంటే 15,120. 800 కొళాయిలకి 50 చొప్పున వచ్చేది 40,000. ఇద్దరు ఆపరేటర్ల కూలి, పటిక, బ్లీచింగ్, లీకులు చూసుకుంటే పెద్దగా మిగలదు. అందుకే 50 అన్యాయమని నేననను. కానీ వసూలైన నీటి పన్ను నీటికే ఖర్చయిందా అన్నది అడగాల్సిందే.

పూడికతీత, ఫిల్టరు ఇసుక, పైపుల మరమ్మతు లాంటివి ఇంటి పన్నులోంచి రావాల్సిన అవసరం లేదు. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 2021-22 నుంచి 2025-26 దాకా 60 శాతం కట్టుబడి నిధులు (చెప్పిన పనికే వాడాల్సినవి), అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మిగతా 40 శాతం ఊరి అవసరానికి, జీతాలకి కాదు. ఈ-గ్రామ్ స్వరాజ్ సైట్లో మీ పంచాయతీ పేరు ఎంచుకుంటే ఏడాది ప్రణాళిక, ఏ పనికి ఎంత చెల్లించారన్న వోచర్లు కనిపిస్తాయి. ప్రణాళికలో చెరువు పూడిక ఉందా లేదా చూసి, లేకపోతే అక్టోబరు 2 నుంచి జరిగే ప్రణాళిక గ్రామసభలో పని పేరు, చెరువు కొలతలు రాసి ఇవ్వండి. వేసవిలో నీళ్లు లేవని అరిస్తే ట్యాంకరు వస్తుంది, పూడికతీత రాదు. ఆ ఏడు ప్రణాళిక అప్పటికే ముగిసి ఉంటుంది.

కాలువగట్టు:
వాల్వు చూసి వచ్చానండి. చక్రం మీద గ్రీజు మెరుస్తోంది. బెడ్లు రెండూ పొడిగా ఉన్నాయి, ఇసుక మీద గడ్డి మొలిచింది.

ఫిల్టరుబెడ్డు:
అయితే ఆ ఇసుక ఇక పనికిరాదు, పైన గీకినంత మాత్రాన బాగుపడదు. గడ్డి వేళ్లు ఎంత లోతు దిగాయో ఒక మూల జానెడు తవ్వి చూడండి. వేళ్లు దిగిన మందమంతా తీసి కడగాలి, ఇసుక మందం 60 సెంటీమీటర్లకి తగ్గితే కొత్తది పొయ్యాలి. కాలువలు వదిలాక ఒక బెడ్డుతో మొదలుపెట్టించండి. ఈలోపు బైపాస్‌లో వచ్చేవి వడకట్టని నీళ్లని సచివాలయంలో రాతపూర్వకంగా చెప్పి, కాచి చల్లార్చి తాగమని ఇంటింటికీ చెప్పించండి.