టోకెన్ సరైనదే, అయినా 401 ఎర్రర్ వస్తోంది

అనంతపురం కుర్రోడు: నాయన ఉల్లి లోడు కర్నూలు యార్డుకు ఎత్తేముందు ధరలు చూసుకుంటాడని చిన్న పైథాన్ స్క్రిప్టు రాశా. ధరల సైటుకు నేనెవరో చెప్పే ఆథరైజేషన్ హెడర్‌లో బేరర్ అనే మాట, ఒక స్పేస్, పొద్దున తీసుకున్న టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి గుర్తింపు కోడ్), అన్నీ సరిగ్గానే పెట్టి రిక్వెస్ట్స్ అనే పైథాన్ లైబ్రరీతో పంపితే 401. రెండు రాత్రులు దీనికే పోయాయన్నా.

కడప అన్న: 401 అంటే నువ్వెవరో సర్వర్‌కు తెలియలేదని, తెలిసీ రానివ్వకుంటే 403 వచ్చేది. హెడర్ అసలు అక్కడిదాకా చేరుతోందా? దారిలో ఎక్కడికైనా మళ్లిందేమో రెస్పాన్స్‌లో హిస్టరీ ప్రింట్ చేసి చూడు. టోకెన్ మాత్రం ఇక్కడ పెట్టొద్దు సామీ!

అనంతపురం కుర్రోడు: 301, అంటే వేరే చిరునామాకు పొమ్మనే జవాబు, ఒకటుంది. నేను డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేకుండా రాశా, సర్వర్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న చిరునామాకు మళ్లిస్తోంది.

రాత్రి డ్యూటీ: అదే మరి. దారిలో హోస్టు పేరు (చిరునామాలోని సర్వర్ పేరు) మారితే, టోకెన్ పరాయి సర్వర్ చేతిలో పడకూడదని రిక్వెస్ట్స్ ఆ హెడర్ తీసేసి పంపుతుంది. చివరి చిరునామానే నేరుగా రాయి.

అనంతపురం కుర్రోడు: 200, అంటే ఓకే, వచ్చిందన్నా!