సోర్స్ దాచిన కంపెనీ కీబోర్డు క్యూఎంకేలోకి రావాలా, వద్దా?

క్యాప్స్‌లాక్ బాధితుడు:
పోయిన దసరా సేల్‌లో ఒక వైర్‌లెస్ మెకానికల్ కీబోర్డు కొన్నాను. డబ్బా మీద "క్యూఎంకే, వయా సపోర్ట్" అని పెద్ద అక్షరాలు. క్యూఎంకే అంటే కీబోర్డు లోపల నడిచే, అందరూ మార్చుకోగలిగే ఉచిత ప్రోగ్రామ్. వయా అంటే కీలను కంప్యూటర్ నుంచి మార్చుకునే యాప్. నాకు కావాల్సింది చిన్నదే. క్యాప్స్‌లాక్ నొక్కి పట్టుకుంటే కంట్రోల్, తట్టి వదిలితే ఎస్కేప్. ఆ తట్టుడుకి గడువు మామూలుగా 200 మిల్లీసెకన్లు. నా వేళ్లకి అది సరిపోదు, మార్చాలంటే సోర్స్, అంటే ఆ ప్రోగ్రామ్ రాసిన అసలు కోడ్, కావాలి. కంపెనీని అడిగితే ఒక బిన్ ఫైలు (చిప్పులోకి ఎక్కించే తయారైన ప్రోగ్రామ్), సెట్టింగులు రాసిన ఒక జేసన్ ఫైలు పంపి చేతులు దులుపుకున్నారు. వాళ్లే వైరుతో నడిచే సగం కోడ్ మాత్రం క్యూఎంకేకి పంపితే, అక్కడ తీసుకోలేదు. కంపెనీ తప్పుకి నాకెందుకు శిక్ష? ఆ సగమైనా తీసుకుంటే నాలాంటోడు బతికిపోతాడు కదా!

సోల్డర్ పొగ:
బాధ అర్థమైందండీ, కానీ కోపం పక్కింటి మీద చూపిస్తున్నారు. క్యూఎంకేది జీపీఎల్ 2 లైసెన్స్. అంటే బైనరీ (బిన్ లాంటి తయారైన ఫైలు) అమ్మినవాడు దాని సోర్స్ మొత్తం ఇవ్వాలి, సగం కాదు. సగం పంపడంలో ఒక కిటుకుంది. వయా జాబితాలో చేరాలంటే బోర్డు ముందు క్యూఎంకేలో ఉండాలనేవారు. ఆ ముద్ర కోసం వైరు కోడ్ పంపి, పడ్డాక వైర్‌లెస్ మాటే ఎత్తని కంపెనీలను చూసి చూసి, ఇప్పుడు నిబంధనల్లోనే రాసేశారు: వైర్‌లెస్ కోడ్ లేకుండా కంపెనీలు పంపే వైర్‌లెస్ బోర్డులు తీసుకోము అని.

పైగా లోపలికి వచ్చిన బోర్డును సాకేది కంపెనీ కాదు, మాలాంటివాళ్లం. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్... ఏటా నాలుగుసార్లు క్యూఎంకేలో పెద్ద మార్పులు వస్తాయి. ఒకసారి నేనొక పాత బోర్డు సెట్టింగులను జేసన్‌లోకి మార్చాను. దాని చిప్పులో చోటు 32 కేబీ, ప్రోగ్రామ్ ఎక్కించే బూట్‌లోడర్‌కి 4 పోగా 28. కంపైల్ చేస్తే (కోడ్‌ను చిప్పుకి ఎక్కే రూపంలోకి మారిస్తే) నిండి పొర్లింది. మౌస్ కీలు తీసేసి, కోడ్‌ను కుదించే ఎల్‌టీఓ ఆన్ చేసి ఎలాగో ఇరికించాను. ఆదివారం గోవిందా. ఆ బోర్డును నేను కళ్లతో కూడా చూడలేదు.

రెండు ముక్కలు:
ఈ గోలంతా ఎందుకు బ్రో, క్యూఎంకే లాంటిదే ఇంకో ప్రోగ్రామ్ ఉంది, జెడ్‌ఎంకేకి వచ్చెయ్. బ్లూటూత్ కోసమే పుట్టింది, లైసెన్స్ ఎంఐటీ. నా కీమ్యాప్ (ఏ కీ ఏం చేయాలో రాసిన ఫైలు) నా సొంత కోడ్ రిపోలోనే ఉంటుంది, ఎవరినీ బతిమాలక్కర్లేదు.

సోల్డర్ పొగ:
ఎంఐటీ అయితే కంపెనీ సోర్స్ ఇవ్వకపోయినా అడిగే హక్కే ఉండదు. మీరు చిప్పు కొని సొంతంగా అతుక్కున్నారు కాబట్టి హాయిగా ఉన్నారు. ఆయన కొన్నది డబ్బా.

ఒత్తుల పిచ్చి:
నాదీ బాధితుడి పక్షమే. 'క్ష' ఒక్క కీతో రావాలంటే క, పొల్లు, ష వరసగా మూడు కోడ్‌పాయింట్లు (యూనికోడ్‌లో అక్షరాల నంబర్లు) పంపాలి. లైనక్స్‌లో ఒక్కోదానికి ముందు కంట్రోల్ షిఫ్ట్ యూ. అది సోర్స్‌లో రాసుకుంటే రెండు నిమిషాల పని. మన లిపికి ఇలాంటివి పెట్టుకోవాలంటే బిన్ ఫైలు దేనికి పనికొస్తుంది?

క్యాప్స్‌లాక్ బాధితుడు:
వారం తర్వాత వచ్చాను. బోర్డు విప్పేశా. మెయిన్ చిప్పు ఒకటి, బ్లూటూత్‌కి ఇంకోటి, మధ్యలో సన్నటి గీతలు. మల్టీమీటర్ పెట్టి ఏ కీల వరస ఏ పిన్నుకి పోతుందో ఒక్కో డయోడ్ దగ్గర చూసి రాసుకున్నా. రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడు నా ఫోర్క్‌లో (క్యూఎంకే కోడ్‌కి నేను చేసుకున్న కాపీలో) వైరు మీద నడుస్తోంది, బ్లూటూత్ పోయింది. దీన్ని మెయిన్‌లోకి, అంటే క్యూఎంకే అసలు కోడ్‌లోకి, పంపనా? నేను కంపెనీని కాదు కదా.

సోల్డర్ పొగ:
శభాష్! కానీ నన్నడిగితే పంపొద్దు, లింకు ఇక్కడ పెట్టండి చాలు. మెయిన్‌లో చేరితే మీ రెండు రాత్రుల కష్టం వాళ్ల డబ్బా మీద ముద్ర అవుతుంది. కంపెనీని అడగాల్సింది బ్లూటూత్ చిప్పు గుట్టు కాదు, దానితో మాట్లాడే మెయిన్ చిప్పు కోడ్. అది మాత్రం వదలకండి.

క్యాప్స్‌లాక్ బాధితుడు:
పంపను సరే. కానీ ఇదంతా కొన్నవాడు చేయాల్సిన పనేనా? దానికి మాత్రం ఒప్పుకోను. కంపెనీకి మళ్లీ మెయిల్ పెట్టా, ఈసారి సోర్స్ ఇవ్వాలని చెప్పే జీపీఎల్ సెక్షన్ 3 అని కూడా రాశా. గంటలో జవాబొచ్చింది. అదే బిన్ ఫైలు.